నీళ్ల మీదికి నీళ్ల క్యాన్లు

అందరి మొగుళ్లూ వలస పోయి తిరిగొచ్చేటప్పుడు చీరో మిక్సీయో తెస్తారు. మా ఆయన తిప్పేష్ పడవ తెచ్చాడు.

మంగళూరు దగ్గర సముద్రం ఒడ్డున ఏదో రిసార్టులో పనిచేసేవాడు. అది మూతపడితే, ఓనరు వద్దనుకున్న పడవను లారీ మీద కట్టించుకొని దిగాడు. పసుపు రంగు ప్లాస్టిక్ పడవ. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కాళ్లు చాపుకొని కూర్చుంటారు. పేరు కయాక్ అట, సముద్రంలో అలల మీద పోతుందట. మాదేమో గుమ్మఘట్ట పక్కన ఊరు. నీళ్ల ట్యాంకరు వస్తే జుట్లు పట్టుకొని కొట్టుకునే ఊరు. అక్కడికి పడవ తెచ్చిన మొగుణ్ణి ఏమనాలో నాకు తెలిసిన తిట్లలో దొరకలేదు.

వారం తిరక్కుండానే దానికి నేను పని చూపించాను. కూర్చునే రెండు గుంతల్లో కుడితి పోస్తే మా రెండు బర్రెలూ చెరొక గుంతలో మూతి పెట్టి తాగేవి. అచ్చంగా వాటికోసమే చేసినట్టుంది. ఈయన మాత్రం సాయంత్రం పూట దాన్ని గుడ్డతో తుడిచి ఊరి పక్కనున్న డ్యాము వైపు చూస్తూ నిలబడేవాడు. డ్యాములో నీళ్లుంటే కదా! ఏళ్ల తరబడి అందులో మేమే చెనిక్కాయ పంట వేసుకున్నాం. నడిమధ్యనున్న గుట్ట మీద నేను మేకలు మేపాను.

పోయిన వానాకాలం, ఎవరి పుణ్యమో గానీ, పైన కర్ణాటకలో కుండపోతగా కురిసింది. ఏరు వచ్చింది, డ్యాము నిండింది. ఊరంతా తిరునాళ్లకు పోయినట్టు పోయి నీళ్లు చూసి వచ్చింది. అప్పటినుంచి చలికాలమంతా ఈయనది ఒకటే నస. శివరాత్రి పోనీ, చలి తగ్గనీ, గుట్ట మీద డేరా వేసి ఒక రాత్రి పడుకుందామని. నాకు ఒళ్లు మండింది.

"ఇంట్లో మంచం లేదా, తేళ్ల పక్కన పండుకునేకి?"

"ఒక్క రాత్రే ఈశ్వరీ. ఆడ దుడ్లున్నోళ్లు దీవులకు పోయి డేరాలేసుకొని పండుకుంటాండ్రి. నేను వాళ్లను దింపి, పొద్దున పోయి పిలుచుకొస్తాంటి. నేను ఒక్క దినం గూడా ఆడ పండుకోలే."

అది విన్నాక జాలేసింది. కానీ జాలి చూపిస్తే ఈయన నెత్తికెక్కుతాడు. అందుకే మా అత్త తిరుపాలమ్మ ఎదుటే పందెం కట్టాను.

"సరే, ఒకసారి వస్తా. గుట్ట చేరితిమా, పడవ నీది. జన్మలో దాని మాటెత్తను. మధ్యలో తిరుక్కొస్తిమా, రేపటి నుంచి అది బర్రెల తొట్టే. మళ్లా నీళ్లలో దించుతానని నా దగ్గర అడగరాదు."

"అట్లే కానియ్యి," అన్నాడు. అనేటప్పుడు ముఖం పాలిపోయింది.

మా అత్త ఊరికే ఉంటుందా? "వానికి ఈత వస్తాది. నీకు నోరు వస్తాది గదమ్మే, దాంతోనే ఈదుకుంటావులే," అంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నీళ్లు లేకుండా నేను గడప దాటను. పెళ్లికి పోయినా సంచిలో నీళ్ల బాటిలు ఉండాల్సిందే. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు బర్రెలకు, గిన్నెలు కడిగినవి కరివేపాకు చెట్టుకు, స్నానం చేసినవి బండలు కడగడానికి. ఎవరైనా చెంబెడు ఒలకబోస్తే మొగుడని కూడా చూడను, వీధి చివరిదాకా వినబడేలా తిడతాను. మరి రాత్రంతా బయట ఉండాలంటే నీళ్లు వద్దా? ఫిల్టరు షాపుకు పోయి రెండు పెద్ద క్యాన్లు నింపించాను.

ఆయన డ్యాము గట్టు మీద నెత్తి పట్టుకున్నాడు. "ఏమే, సుట్టూ నీళ్లే గదనే! నీళ్ల మీదికి నీళ్లెందుకే?"

"అవి బర్రెలు పొర్లే నీళ్లు. నువ్వు తాగు."

"కాగబెట్టుకొని తాగొచ్చు."

"క్యాన్లు రాకుంటే నేనూ రాను."

క్యాన్లు ఎత్తి పడవలో పెట్టాడు. ఒక క్యాను నా మోకాళ్ల మధ్య, రెండోది వెనక ఆయన మోకాళ్ల మధ్య. డేరా, దుప్పట్లు, సంగటి గిన్నె, కట్టెల మోపు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కుక్కాం. మునక్కుండా తేల్చే గాలి కోటు నాకు తొడిగించి బకిల్ బిగించాడు. తెడ్డు రెండు వేట్లు వేశాడో లేదో, పడవ జర్రున జారింది. అబ్బ, బాగుందనిపించింది. ఆయనకు చెప్పలేదు.

"ఇప్పుడు మన చేను మీద పోతాండాం," అన్నాడు కాసేపటికి.

కిందికి చూస్తే ఏమీ కనపడలేదు. ఆ చేనులో ఎన్నిసార్లు మొలక ఎండిపోయిందో నాకు తెలుసు. దాని మీద ఇంత లోతు నీళ్లున్నాయంటే నమ్మబుద్ధి కాలేదు.

సగం దూరం పోయాక గాలి లేచింది. చిన్న చిన్న అలలే, కానీ బరువుకు మా పడవ అంచు నీళ్లకు జానెడు ఎత్తులో కూడా లేదు. అల వచ్చిన ప్రతిసారీ చెంబెడు లోపలికి పడుతోంది. నేను తోడి బయటికి పోస్తున్నాను. అవి డ్యాము నీళ్లు, డ్యాములోకే పోతున్నాయి, ఆ లెక్క వేరు. కానీ తోడినదానికంటే వచ్చేది ఎక్కువైంది. నా నడుము తడిసింది.

"ఈశ్వరీ, బరువు తగ్గించాల."

"కట్టెలు పారేస్తాండా." పారేశాను.

"చాలదు."

"దుప్పట్లు పారేద్దాం. డేరా పారేద్దాం. సంగటి పారేద్దాం."

"కడాకు నన్ను గూడా పారెయ్యి," అని అరిచాడు. "క్యాన్లు, క్యాన్లు!"

క్యాను మూత మీద చెయ్యి వేశాను. చెయ్యి రాలేదు. నిజంగా రాలేదు. ప్రాణం పోతుందని తెలుసు, అయినా వేళ్లు తిప్పలేకపోయాను.

ఆయన తెడ్డు వేయడం ఆపాడు. తర్వాత పడవ ముక్కు మెల్లగా మా గట్టు వైపు తిరగడం మొదలైంది.

"యాడికి తిప్పుతాండావ్?"

"ఇంటికి. ఎనక నుంచి గాలి తోస్తే ఎట్లనో చేరుకుంటాం. రేపు తొట్టి చేసుకోపో."

"ఒక మాట తిట్టి పొయ్యించొచ్చు కదా?"

"నీళ్లు పారబొయ్యమని నేను నీకు చెప్పలేనే. ఎండాకాలం బోరు కాడ నువ్వు రాత్రంతా బిందెలు పెట్టుకొని కూర్చుంటే, నేను సముద్రం ఒడ్డున ఉండి ఫోన్లో విన్నా. ఏ మొగం పెట్టుకొని చెప్పాల?"

కసిరి ఉంటే నిక్షేపంగా పందెం గెలుచుకునేదాన్ని. ఇట్లా అనేసరికి నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. మూత పీకి క్యాను పక్కకు వంచాను.

గుడగుడమని నీళ్లు పడ్డాయి. కింద బిందె లేదు, చెట్టు లేదు, బర్రె లేదు. ఊరికే, ఊరికే పోతున్నాయి. ఎవరూ తిట్టలేదు. నేను కూడా తిట్టలేదు. క్యాను సగమయ్యేసరికి నాకు నవ్వు మొదలైంది. ముక్కు కారుతున్నా ఆపుకోలేనంత నవ్వు. పుట్టి బుద్ధెరిగినాక ఇంత సుఖం నేను ఎరగను.

పడవ అంచు పైకి లేచింది. ఆయన గబగబా ముక్కును గుట్ట వైపు తిప్పాడు. "చాలు చాలు, తేలింది! ఇంక చేరినట్టే. నా కాడ ఉండేది తాగేకి పెట్టుకుందాం."

నేను వెనక్కి తిరిగి చెయ్యి చాపాను.

"తాగేది తర్వాత చూస్తాం. ఆ క్యాను గూడా ఇటియ్యప్పా!"