నొప్పి తెలియని కాలు

వరి ఊడ్పుల రోజుల్లో ఉష కుడి అరికాలి కింద ఏదో గట్టిగా తగలసాగింది. ముల్లేమోనని పిన్నీసుతో గెలికితే రక్తం వచ్చింది తప్ప ముల్లు రాలేదు. ఆనె అన్నారు తోటి కూలీలు. మందుల షాపులో ఆనెల పట్టీ కొని అంటించుకుంది. తగ్గకపోగా పక్కనే మరో రెండు లేచాయి.

చివరికి బొబ్బిలిలో చర్మం డాక్టరమ్మకు చూపించుకుంది. ఆవిడ పైతోలు పలచగా గీసి, లోపలి నల్లచుక్కలు చూసి, ఇది ఆనె కాదు, పులిపిరి అంది. చల్లటి గ్యాసుతో గడ్డకట్టించి రాలగొట్టవచ్చు కానీ పొక్కులొచ్చి కొన్నాళ్ళు కాలు కింద పెట్టనివ్వవు. కరెంటుతో కాలిస్తే మచ్చ మిగిలి, నడిచినప్పుడల్లా నొప్పి పెట్టొచ్చు. పొలం పనులున్నాయి కాబట్టి ముందు రాసే మందు వాడి చూడమంది. సుగరుందా అని అడిగితే ఉష లేదని చెప్పింది.

రోజూ సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో కాలు నానబెట్టి, గరుకు రాయితో రుద్ది, పులిపిరి మీద మాత్రమే మందు చుక్క వేసి ప్లాస్టరు అంటించుకునేది. తెల్లబడ్డ తోలు పొరలు పొరలుగా ఊడి వచ్చేది. మామగారు నరసింగరావు అరుగు మీద కూర్చుని అదంతా ఆసక్తిగా చూసేవాడు.

ఒక ఉదయం ఇల్లు ఊడుస్తుంటే ఎర్ర గచ్చు మీద తడి మచ్చలు కనిపించాయి. నీళ్ళనుకుని గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. ఆ మచ్చలు మామగారి మంచం దగ్గర ఆగాయి. ఉష ఆయన కాలెత్తి చూసింది. బొటనవేలి కింద తోలంతా తెల్లగా చివికి, నడుమ గుంట పడి ఉంది.

"ఏటి రాసుకున్నారు మావయ్యా?"

"నీ మందేనమ్మా. నాకూ అక్కడ గట్టిగా ఉన్నాది కదా. నొప్పెట్టలేదని కాస్త ఎక్కువే రాసినాను."

ఆయనకు చాలాకాలంగా సుగరు. డాక్టరమ్మ ప్రశ్న అప్పుడు ఉష చెవుల్లో మోగింది. తనకు లేదని చెప్పి ఊరుకుంది గానీ, అసలు ఎందుకడిగారని అడగాలని తోచలేదు.

భర్త గిరిబాబు గరివిడిలో డ్యూటీలో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. ఊళ్ళో ఆటో నడిపే త్రినాథ్‌ని పిలిచి మామగారిని ఎక్కించింది. దారి పొడవునా మామగారి అన్న, పెదమావగారే గుర్తొచ్చారు. సుగరుతో ఆయనకు మొదట వేలు తీశారు, తరవాత పాదం, ఆపైన మోకాలి దాకా. ఆటో గతుకుల్లో ఊగినప్పుడల్లా ఆ కాలిని తన ఒడిలో గట్టిగా పట్టుకుంది. నరసింగరావు మాత్రం దారిలో ఎవరి ఊడ్పులు ఎంతవరకు వచ్చాయో చెబుతూ కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఆయన్ని కళ్ళు మూసుకోమని, అరికాలంతా సన్నటి పుల్లతో తాకాడు. ఎక్కడ తాకుతున్నానో చెప్పమన్నాడు. నరసింగరావు ఏమీ చెప్పలేదు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని కళ్ళు మూసుకునే ఎదురుచూస్తున్నాడు.

"కాలు ఉంటాదా బాబూ?" అంది ఉష.

ఎక్సరే చూశాక చెబుతానన్నాడు డాక్టరు. ఆ కాసేపూ ఆమె గోడకానుకుని నిలబడింది, కూర్చోబుద్ధి కాలేదు. పుండు ఎముక దాకా పోలేదని, సరైన సమయానికే తెచ్చారని ఆయన వచ్చి చెప్పాక గానీ తన కాలు సలుపుతోందని గమనించలేదు. మామగారిది అసలు పులిపిరే కాదట, ఒరుసుకుని కాసిన ఆనె.

పుండు మానేసరికి కోతలు వచ్చాయి. అన్నాళ్ళూ ఆయన్ని మంచం దిగనివ్వకుండా కట్లు మార్పించింది ఉష. తన మందు సంగతే మరిచిపోయింది. నూర్పులయ్యాక బొబ్బిలి వెళ్ళి పులిపిర్లు గడ్డకట్టించుకుని, కొన్నాళ్ళు కుంటుతూ నడిచింది.

ఇప్పుడు పొద్దున్నే టీ ఇచ్చి, ఫోను లైటు వేసి మామగారి పాదాలు చూస్తుంది. మొదట్లో సిగ్గుపడేవాడు, ఇప్పుడు తనే కాళ్ళు చాపుతాడు. నిన్న మడమ దగ్గర ఎర్రగా ఏదో కనబడింది. తడిగుడ్డతో మెల్లగా తుడిచింది. మట్టి. అయినా నమ్మకం కుదరక మళ్ళీ తుడిచి చూసింది.