ఎడమ తలుపు కింద

మా అక్క ఈనిడ్ ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఒక కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు భోజనాలు వడ్డించింది. పైకప్పు లేని రెండు సీట్ల చిన్న కార్లు రోజూ ఆ గేటు దాటి లోకం మీదికి వెళ్లేవి. ఒక్కదాంట్లోనూ ఆమె కూర్చోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభై నాలుగో ఏట, పాతదైనా సరే అలాంటిదొకటి కొంటానంది.

"నువ్వు డ్రైవింగ్ నేర్చుకుని రెండేళ్లు కాలేదే" అన్నాను.

"క్లైవ్ ఉన్నాడుగా, నోరీన్" అంది.

క్లైవ్ ట్రాంటర్ ఆ ఫ్యాక్టరీలోనే కారు బాడీలు బిగించేవాడు. ముప్ఫై ఏళ్లు ఆమె ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డ మనిషి. కస్టర్డ్ మీద మందంగా కట్టే మీగడ అతనికిష్టమని అక్క విడిగా తీసి ఉంచేది. కారు వెతికిపెట్టిందీ అతనే. ఊరవతల ఒక కోళ్ల షెడ్డులో, రెట్టల కింద, ఏళ్ల తరబడి కదలని ఆకుపచ్చ బండి. అమ్మే కుర్రాడు గ్యారీ పెద్దగా మాట్లాడలేదు. క్లైవ్ బండి కిందికి దూరి, స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడా తట్టి, మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు.

"ఇంజను మొండికేస్తుంది గానీ ఒళ్లు గట్టిది. కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చేవాడు. బ్రేకులు విప్పడం, కార్బురేటర్ కడగడం, గీత పడ్డచోట లప్పం పూసి నునుపు చేయడం అన్నీ ఓపిగ్గా నేర్పాడు. అక్క గోళ్లు నల్లబడ్డాయి. దుకాణానికి వెళ్లినా ఆ చేతులు దాచుకునేది కాదు. మా అమ్మ పోయాక ఆమె అంత ఉత్సాహంగా ఉండటం నేను చూడలేదు. ఎడమవైపు పని మొదలుపెడదామన్నప్పుడల్లా అతను మాత్రం ఒకటే మాట అనేవాడు.

"బాగున్నదాన్ని ఎందుకు కెలుకుతావ్? దాని మానాన దాన్నుండనీ."

ఏప్రిల్‌లో అతను వారం రోజులు కూతురింటికి వెళ్లాడు. అక్క అప్పటికే కాలేజీలో వెల్డింగ్ క్లాసుకు వెళ్తోంది. అతను తిరిగొచ్చేసరికి ఎడమవైపు పాత రంగంతా గీకేసి చూపించాలనుకుంది. మా ఇల్లు పక్కిల్లే. ఉదయం రంగు గీకే గ్రైండర్ శబ్దం వినిపించింది, కాసేపటికి ఆగిపోయింది. తర్వాత గోడ మీదుగా పిలుపు.

"నోరీన్, ఒకసారి రా."

తలుపు కింద పొడుగునా ఒక ఇనుప గొట్టం ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. పైకప్పు లేని బండికి అదే వెన్నెముక. అక్కడి రంగుతో పాటు లప్పం పలకలు పలకలుగా ఊడొచ్చింది. లోపల నా పిడికిలి పట్టేంత బొక్క. దానికి అడ్డంగా ఇనుప జాలీ, జాలీ వెనక కుక్కిన దినపత్రికలు. లాగి విప్పాం. నాలుగేళ్ల కిందటివి. ఒకరి పేపరు ఇంకొకరింట్లో పడకుండా షాపువాళ్లు మూల మీద పేరూ ఇంటి నంబరూ రాస్తారు కదా, అలాగే పెన్సిల్‌తో రాసి ఉంది: ట్రాంటర్, 9.

"చెత్తకుండీలోంచి ఎవరైనా తీసుకుని ఉండొచ్చు" అన్నాను.

"లప్పం అంచు చూడు. బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. నాకు నేర్పింది అలాగే."

శనివారం క్లైవ్ వచ్చేసరికి ఆ పేపరు బానెట్ మీద పరిచి ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. అతను దాన్ని చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ గ్యారీ నీకేమవుతాడు?" అంది అక్క.

"మా ఆవిడ చెల్లెలి కొడుకు. బండి నాదే. బాగుచేద్దామని కొన్నాను, ఓపిక లేకపోయింది. తుక్కుకి పంపడానికి మనసు రాలేదు."

"నన్ను మోసం చేయడానికి మనసొచ్చింది."

"నువ్వు అంత లోపలిదాకా పోతావనుకోలేదు ఈనిడ్. రెండు వేసవులు సరదాగా తిప్పి వదిలేస్తావనుకున్నా."

"అంటే శనివారాలు వచ్చింది నాకు నేర్పడానికి కాదు. నేను ఈవైపు చూడకుండా కాపలా కాయడానికి."

అతను కాస్త ఆలోచించాడు. "రెండూ" అన్నాడు.

"ఏ లారీయో అడ్డమొచ్చి నేను గట్టిగా బ్రేకు వేస్తే? బండి మధ్యకి మడత పడితే?"

"నువ్వు మెల్లగానే నడుపుతావుగా."

అక్క పేపరు మడిచి అతని చేతిలో పెట్టి, గేటు తీసి పట్టుకుంది. వెళ్లేముందు అతను క్షమించమన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

వేసవంతా అక్క తుప్పు కోసి కొత్త ఇనుము అతికించింది. మొదటి అతుకు నచ్చక కోసేసి మళ్లీ చేసింది. కాలేజీ మాస్టారు వచ్చి సుత్తితో కొట్టి చూసి, నిలుస్తుందన్నాడు. ఆ తర్వాత క్లైవ్ బిగించిన ప్రతి బోల్టూ, ప్రతి బ్రేకు గొట్టమూ విప్పి చూసింది. అందుకు మూడు వారాలు పట్టింది. ఒక్కటీ వదులుగా లేదు. అన్నీ శ్రద్ధగా, సరిగ్గా బిగించి ఉన్నాయి.

"కొన్నయినా పాడుచేసి ఉంటే బావుండేది" అంది, స్పానర్ కింద పెట్టి. "రెండిట్లో ఏది నిజమో తేలిపోయేది."

సెప్టెంబరులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి రోడ్డెక్కింది. ఇంజను హాయిగా పాడుతోంది. గాలికి నా స్కార్ఫ్ ఎగిరిపోతే నవ్వాను, అక్క నవ్వలేదు. ఊరవతలికి దగ్గరి దారి క్లైవ్ ఇంటి ముందు నుంచే. ఆమె ఆ మలుపు వదిలేసి రెండు మైళ్లు చుట్టూ తిప్పి తీసుకెళ్లింది. ఇప్పటికీ అలాగే వెళ్తుంది.