ళ లేని శుభలేఖలు

మాబు సాహెబ్ పాత గడ్డం బ్రష్షుతో ల్యాప్‌టాప్ మీటల సందుల్లోని దుమ్ము దులుపుతున్నాడు. తొమ్మిదిన్నరకే వినుకొండ ఎండ ప్రెస్సు గుమ్మం దాటి లోపలికొచ్చేసింది. పక్కన కొత్త ల్యాప్‌టాప్ ఉంది, నల్లగా, పలకంత పల్చగా. దాని మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు.

పాతది బూడిద రంగుది, బరువైనది. మూత ఊడిపోకుండా నల్ల టేపు చుట్టారు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జరు పిన్ను కదలకుండా ఒక సీసం దిమ్మ ఆనించి పెట్టాలి. ఇరవై రెండేళ్ళు నిలబడి సీసం అక్షరాలు ఏరి పేర్చిన మనిషి మాబు సాహెబ్. రెండువేల సంవత్సరంలో ప్రెస్సు యజమాని చెంచురామయ్య ఈ యంత్రం తెచ్చి ముందు పెడితే, యాభై మూడేళ్ళ వయసులో రెండు వేళ్ళతో టైపు నేర్చుకున్నాడు. ఇప్పటికి ఏడేళ్ళు.

మూడేళ్ళుగా ‘ళ’ మీట పనిచేయడం లేదు. శుభలేఖలు వేసే ప్రెస్సులో ళ లేకపోతే ఎలా? పాత శుభలేఖలోంచి ఒక ళ తీసి, ఒక ఫైలు నిండా ళలు నింపి పెట్టుకున్నాడు. కావలసినప్పుడల్లా అందులోంచి ఒకటి కాపీ చేసి తెచ్చి అతికిస్తాడు.

రేపటి నుంచి అతని కుర్చీలో కూర్చోబోయే శ్రీదివ్య ఆ ఫైలు చూసి పగలబడి నవ్వింది. నరసరావుపేటలో కంప్యూటర్ కోర్సు చేసొచ్చిన పిల్ల.

“మూడేళ్ళు ఇట్లాగే చేశారా బాబాయ్?”

“అద్దం పగిలిందని తల దువ్వుకోవడం మానేస్తామా అమ్మాయ్?”

పని మానేయమని అతన్ని ఎవరూ అనలేదు. కుడికంట్లో శుక్లం ముదిరి, గుడులు దీర్ఘాల్లా కనపడటం మొదలయ్యాక తనే చెప్పేశాడు. పొద్దున టిఫిను డబ్బా చేతికిస్తూ భార్య జైతున్‌బీ నవ్వింది. “రేపట్నుంచి నా గాజుల కొట్లో పనోడివి. ఆలస్యంగా వస్తే ఊరుకోను” అంది.

సాయంత్రంలోగా ఏడేళ్ళ పని కొత్తదానిలోకి ఎక్కాలి. శ్రీదివ్య పెన్‌డ్రైవ్‌తో అటూ ఇటూ మోసింది. పదకొండింటికి కొత్తదానిలో మొదటి శుభలేఖ తెరిచింది. వధువు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు, చుక్కలు.

మాబు సాహెబ్ ముఖం పాలిపోయింది. “అంతా పోయిందా?”

“ఏం పోలేదు బాబాయ్. తెలుగు ఫాంటు ఎక్కించలేదు, అంతే. పాతదానిలోంచి తీసుకుంటే సరి.”

ఆమె పెన్‌డ్రైవ్ పెట్టేలోగా కరెంటు పోయింది. పాతదాని తెర టక్కున ఆరిపోయింది.

అప్పుడే అంకమ్మ వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. ఆమె లోపల అడుగుపెట్టగానే శ్రీదివ్య తుమ్మింది, మాబు సాహెబ్ తుమ్మాడు, వెనక గదిలో చెంచురామయ్య తుమ్మాడు.

“మా వీరమ్మ పెళ్ళి రిజిస్టరు చేయించాలంట సాయిబు గారూ. శుభలేఖ ఉంటే గానీ చెయ్యరంట. మా ఇంట్లోది వానకు తడిసి ముద్దయిపోయింది. నువ్వేగా వేసింది, ఆరేళ్ళయింది. ఉంటదా?”

“ఉంటుంది. కరెంటు రానీ.”

ఉంటుందనైతే అన్నాడు గానీ, పాతది మళ్ళీ లేస్తుందో లేదో అతనికే తెలియదు. అంకమ్మ అరుగు మీద కూర్చుంది. అతను టిఫిను డబ్బా విప్పి ఆమెకో దోసె పెట్టాడు. రెండు గంటలు ముగ్గురూ తుమ్ముతూనే ఉన్నారు.

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. మాబు సాహెబ్ దిమ్మ సరిచేసి మీట నొక్కాడు. లేవలేదు. రెండోసారీ లేవలేదు. “ఒరేయ్, ఒక్క గంట. తర్వాత నీ ఇష్టం” అని గొణిగి మూడోసారి నొక్కాడు. గరగరమని చప్పుడు చేసి, తెర సగం వెలిగింది. ఆ సగంలోనే శ్రీదివ్య గబగబా ఫాంట్లు తీసింది, మిగిలిన ఫైళ్ళన్నీ తీసింది.

కొత్త తెర మీద అక్షరాలు తలకట్లతో సహా లేచి నిలబడ్డాయి.

“చదివి చెప్పు” అంది అంకమ్మ. ఆమెకు చదువు రాదు.

మాబు సాహెబ్ తెరకు దగ్గరగా వంగాడు. “మా ఏకైక కుమార్తె చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి వీరమ్మను చిరంజీవి దానయ్యకిచ్చి... గురువారం రాత్రి పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు...”

“పన్నెండు నిమిషాలకా! ఆ టైముకి పంతులే రాలేదు. తాళి కట్టేటప్పటికి కోళ్ళు కూశాయి” అని అంకమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిరప కొంగు కావడంతో ఇంకా ఎక్కువ నీళ్ళు వచ్చాయి.

ఆమె ప్రింటు తీసిన కాగితం పట్టుకుని వెళ్ళాక, మాబు సాహెబ్ పాతదాని వైపు తిరిగాడు. తెర నల్లగా ఉంది. మీట నొక్కాడు. లేవలేదు. మళ్ళీ నొక్కలేదు. మూత నెమ్మదిగా వేసి, తువ్వాలుతో ఒకసారి తుడిచాడు.

“మాట నిలబెట్టుకుంది బాబాయ్” అంది శ్రీదివ్య.

“ఆ” అన్నాడు. చెంచురామయ్య దాన్ని ఇంటికి తీసుకెళ్ళమంటే సంతోషంగా చంకన పెట్టుకున్నాడు.

అయిదింటికి చెప్పులు వేసుకుని, “వస్తానమ్మాయ్” అని మెట్లు దిగాడు. జైతున్‌బీ కొట్టు వైపు, రోజూ కంటే కాస్త తొందరగానే నడిచాడు.

శ్రీదివ్య కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. కొత్తదాని తెర కింది అంచున, ఆమె చూడనప్పుడు అతను అంటించిన చిన్న కాగితం ముక్క ఉంది. బంక ఇంకా ఆరలేదు. దాని మీద గుండ్రటి చేతిరాతతో నీలం సిరా: “కరెంటు పోకముందే సేవ్ చెయ్యి తల్లీ.”