వసంతమ్మ బోర్డు

చాక్‌పీసు పొడి అద్దిన దారాన్ని హన్మయ్య పసుపు రేకు మీద బిగలాగి వదిలాడు. టప్పుమని తెల్ల గీత పడింది. వంగినందుకే ఆయాసం వచ్చింది. కాసేపు గోడకు ఆనుకుని, మళ్లీ కుంచె అందుకున్నాడు.

ఒకప్పుడు మొయినాబాద్ నుంచి కనకమామిడి దాకా షట్టర్ల మీద ఆయన రాతే కనబడేది. అక్షరం లావుగా ఉండాలి, తిండికి లోటు లేని ఇంటి పిల్లలాగా. గీత చివర పాదంలా వెడల్పవ్వాలి, తలకట్టు కొస మీసంలా మెలి తిరగాలి. అక్షరం రంగు ఒక రోజు ఆరాక, మరునాడు కుడిపక్క నల్ల నీడ వేసేవాడు. ఎవరు తొందరపెట్టినా వినేవాడు కాదు. “పచ్చి మీద నలుపు పెడితే పారుతది” అనేవాడు. పెళ్లింటి గోడ మీద పేర్లు రాయిస్తే, పెళ్లివారు కూడా ఆయన నీడ కోసం ఆగాల్సిందే. ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. ఆయన అక్షరాల మీదే మేకులు కొట్టి వేలాడదీశారు.

భార్య వసంతమ్మ బస్టాపు దగ్గర బండి మీద ఇడ్లీలు అమ్ముతుంది. “నా పేరెప్పుడు రాస్తవ్?” అంటే “గిరాకీ తగ్గనీ” అనేవాడు. గిరాకీ తగ్గింది, అసలే పోయింది. అయినా రాయలేదు. ఇప్పుడామె ఒక షట్టర్ కిరాయికి తీసుకుంది. ఫ్లెక్సీ దుకాణం మహేష్ వచ్చి “వదినా, ఫోటో పెట్టి మంచిగ కొట్టిస్త” అన్నాడు.

“నాకు మా ఆయన రాతనే గావాలె” అంది వసంతమ్మ.

చేవెళ్ల దవాఖానలో గుండె బలహీనమన్నారు, పని వద్దన్నారు. కానీ వసంతమ్మ మాట విన్నాక హన్మయ్య కుంచె పట్టకుండా ఎలా ఉంటాడు?

మధ్యాహ్నానికి ‘వసంతమ్మ టిఫిన్స్’ ఎర్రగా తేలింది. ఆమె అన్నం పళ్లెంతో వచ్చి నిలబడిపోయింది.

“మస్తున్నదయ్యా. గిట్లనే కట్టేద్దాం.”

“నీడ లేకుంటే అక్షరం లేచి నిలబడదే.”

“రేపు వేద్దువు తియ్. జర పండుకో.”

“రేపా” అని బోర్డు వైపు చూశాడు. ఆమె గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి గోడకు ఆనుకుని, తల వాల్చి ఉన్నాడు. నిద్ర అనుకుంది. భుజం కదిపితే ఒరిగిపోయాడు.

దినాలయ్యాక మహేష్ బోర్డు కట్టడానికి వచ్చాడు. “వదినా, మొదటి అక్షరం ఖరాబైంది. కొత్తది కొట్టియ్యనా?”

వసంతమ్మ అప్పుడే సరిగా చూసింది. ‘వ’ పక్కన నల్ల నీడ ఉంది. పెళ్లివారిని ఆపిన మనిషి ఈ ఒక్క బోర్డుకు ఆగలేదు. తనకు రేపు లేదని ఆయనకు తెలిసిపోయింది. చెప్పనైనా చెప్పలేదని ఆమెకు ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

“గదే కట్టు” అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఇడ్లీ ఆవిరి పైకి లేచే చోట ఆ పసుపు రేకు వేలాడుతోంది. ఒక్క ‘వ’కే నీడ ఉంది, దాని నలుపు పచ్చి ఎరుపులోకి కాస్త పారి, అక్కడే ఆరిపోయింది.