అద్దం బయట కూర్చున్న నీడ

రండమ్మా, ఇలా దగ్గరికి జరగండి. దీపాల దగ్గరున్నవాళ్లు కాస్త సర్దుకోండి, వెనకున్న ముసలమ్మలకు వినపడాలి. దేవుడు మెచ్చే పని ఒకటి చెబుతాను.

మన థెస్సలొనీకలోనే, కోట కింది వీధిలో ఫోతినీ ఉండేది. రోజూ పొద్దున్నే పొయ్యి మీద కాఫీ పెట్టి, అది పొంగి పోయేదాకా కూతురి కాళ్ల వంకే చూస్తుండేది. కూతురు చిన్న ఎవంథియాకు పుట్టుకతోనే తలసీమియా. నెల తిరక్కుండా ఎవరిదో రక్తం ఎక్కితేనే నడక. ఇప్పుడు డాక్టర్ పాగోనా కొత్త వైద్యం చేస్తానంది. పిల్ల మూలకణాలనే బయటికి తీసి, లోపమున్న జన్యువును సరిచేయించి, మళ్లీ పిల్లకే ఎక్కించడం. ఎలుకల దగ్గర మొదలుపెట్టి మనుషుల దాకా వచ్చేసరికి పాగోనాకు జుట్టు నెరిసిపోయింది.

కణాలు తీసి పంపితే వాటి వెంట మనిషి నీడ కూడా పోతుంది కదా. చిన్న ఎవంథియా నీడా అలాగే చలిపెట్టెలో జర్మనీ లాబుకు పోయింది.

"ఏం ఫోతినీ, పిల్ల నీడ ఇంకా రాలేదా?" అనేవాడు రొట్టెల కొట్టాయన. "మా బావమరిది నీడను పంపేద్దామా? సారాకొట్టు ముందు ఊరికే పడుంటోంది!"

"నీ బావమరిది సంగతి నాకెందుకయ్యా, నువ్వుల కులూరి రొట్టె ఒకటి ఇవ్వు" అని కసిరేది. కాలు ఒకచోట నిలిచేది కాదు.

మనలో కూతురికి నాయనమ్మ పేరు పెట్టడం ఏ కొడుకూ వదులుకోడు. ఫోతినీ బావగారి కూతురూ ఎవంథియానే, పెద్ద ఎవంథియా. ఇంటిపేరూ అదే, జబ్బూ అదే, వైద్యమూ అదే. ఇద్దరి కణాలూ ఒకేరోజు తీశారు.

సంచులు తిరిగొచ్చాయి. చిన్నదాన్ని అద్దాల గదిలో పెట్టి, పాత మూలుగనంతా మందుతో ఖాళీ చేశారు. ఇక వెనక్కి దారి లేదు. కొత్త కణాలు నిలదొక్కుకునేదాకా జలుబు చేసినా ప్రాణం మీదికే.

ఎక్కించే రోజున పొగలు కక్కే చలిపెట్టె తెరిచారు. చీటీ మీద పేరు, పుట్టినతేదీ, అంకెలు చదివారు. అన్నీ కలిశాయి. నీడ లేచింది. గదిలోకి మాత్రం రాలేదు. అద్దం బయట చెల్లెల్ని చూస్తూ కూర్చున్న పెద్ద ఎవంథియా పక్కన పోయి కూర్చుంది.

"చలిలో ఉండి దారి మరిచింది పాపం," అంది ఫోతినీ. "నేను పిలుచుకొస్తా. మీరు కానివ్వండి డాక్టరమ్మా!"

"నీడలు తడబడతాయి, కాగితాలు తడబడవు," అన్నాడు ఆసుపత్రి పెద్ద. "కింద మంత్రిగారు, టీవీవాళ్లు కాచుకొని ఉన్నారు."

పాగోనా చెయ్యి అప్పటికే సంచి మీద ఉంది. వెనక్కి తీసుకుంది.

"కరిగించకండి. మళ్లీ పెట్టెలో పెట్టేయండి."

"ఏం తేలిందని ఆపుతున్నావ్?" అన్నాడు పెద్దాయన.

"ఏమీ తేలలేదు. నాకు తెలియడం లేదు. అందుకే."

ఫోతినీ ఆమె కోటు పట్టుకుంది. "దాని ఎముకల్లో ఏం మిగల్లేదు! ఇన్నేళ్లూ తొందరపడింది నువ్వే, ఇవాళ నీకు భయమేసిందా?"

"భయమే తల్లీ. తిట్టు, పడతాను."

రెండు సంచులకూ తగిలించి ఉన్న సన్న గొట్టాల్లోంచి చుక్కలు తీసి, పిల్లలిద్దరితో పోల్చి చూడమని పంపారు. సాయంత్రానికి చిన్నదాని ఒళ్లు వెచ్చబడింది. ఫోతినీ వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. మరియతల్లికి మొక్కింది, పాగోనాను శపించింది, మళ్లీ మొక్కింది. మంత్రిగారు వెళ్లిపోయారు.

మర్నాడు జవాబొచ్చింది. కణాలు తీసిన రోజే చీటీలు తారుమారుగా అతికించారు. ఆ తర్వాత ఎందరు ఎన్నిసార్లు చదివినా, చదివింది ఆ తప్పునే.

పెద్దదాని చీటీ ఉన్న రెండో సంచి తీశారు. దాని నీడ ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చి, జ్వరంతో పడుకున్న పిల్ల పాదాలకు అతుక్కుంది. ఆ పిల్ల ఇప్పుడు ఎవరి రక్తమూ అరువు తెచ్చుకోవడం లేదు.

అమ్మలారా, నేను చెప్పినదంతా మరిచిపోయినా ఫరవాలేదు. అందరూ కానివ్వమంటుంటే, తల్లి కూడా తిడుతుంటే, "నాకు తెలియడం లేదు" అని ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకుందే, అదొక్కటి గుర్తుంచుకోండి. రేపు మీ చెయ్యీ దేనిమీదో ఉంటుంది. అప్పుడు మీరూ అలాగే చెయ్యండి.