హై అంటే విన్నానని

"మినోరి ఆ బల్ల మీంచి వెనక్కి పడిపోతే ఏం గతి వదినా? వెనకాల పట్టుకోవడానికి ఒక కమ్మీ కూడా లేదు," అంది కినుయో. స్టేజి మీదికి ఇంకా ఎవరూ రాలేదు.

"నీ కూతురేం తాగి రావట్లేదు. నోరు మూసుకుని కూర్చో," అంది ఆడపడుచు తాజుకో.

కినుయో కూర్చుంది గానీ ప్రాణం కుదుటపడలేదు. పొద్దున మినోరి సగం అన్నం ముద్ద తిని లేచిపోయింది. కళ్లు తిరిగితే? ఏళ్ల తరబడి, వాద్యబృందాన్ని నడిపించే పెద్ద కండక్టర్ల వెనక నిలబడిన పిల్ల. వాళ్లకి జ్వరమొస్తే తప్ప చేతికి తాళం చూపే కర్ర దక్కేది కాదు. ఇప్పుడు ఈ అకితా ఊరి ఆర్కెస్ట్రాకి సొంత కండక్టరు కావాలి. ఇవాళ్టి రిహార్సల్ చూసి మినోరిని తీసుకోవాలో లేదో తేలుస్తామని ఆర్కెస్ట్రా సంఘం పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు.

మినోరి వచ్చి, బల్ల ఎక్కి, వంగి నమస్కరించి, కర్ర ఎత్తింది. పాటలో నెమ్మదిగా సాగే భాగం అది. మధ్యలో సన్నాయిలాంటి ఓబో ఒక్కటే మోగాలి. ఆ ఓబో వాయించే నివా గారు ఈ ఆర్కెస్ట్రాలో అందరికంటే పాత మనిషి.

"ఇంకాస్త నిదానంగా తీసుకుందాం. ఊపిరి సరిపోతుందా?" అంది మినోరి.

"హై!" అన్నారు అందరూ సరేనన్నట్టు, ఒక్క గొంతుతో.

వాయించారు. ఓబో పాట చివర్లో పుటుక్కున తెగింది.

"నివా గారూ, సరిపోతోందా?"

"హై."

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే తెగింది. ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి.

కినుయోకి ఆ 'హై' బాగా తెలుసు. మిసో పులుసు చప్పగా ఉందని అత్తగారు అన్నప్పుడల్లా తనూ అనేది. చెవిన పడిందని దాని అర్థం, అంతే. మర్నాడు పులుసు మళ్లీ చప్పగానే ఉండేది. పిచ్చిపిల్ల, ఆ మాట నమ్మి మునిగిపోతోంది అనుకుంది.

మినోరి కర్ర స్టాండు మీద పెట్టేసింది.

"హై అంటే విన్నామని. అది నాకు చాలదు. నిదానం ఎక్కువైందా, సరిపోయిందా? మీ నోటితో చెప్పండి. చెప్పేదాకా నేను చెయ్యెత్తను."

వయొలిన్ల వాళ్లు నేల చూశారు. పదిమందిలో కండక్టరుది తప్పని ఎవరంటారు? సంఘం పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఆర్కెస్ట్రా మేనేజరు పక్కనుంచి వచ్చి, "గురువుగారూ, టైమైపోతోంది," అని గొణిగాడు.

"అవనివ్వండి."

"అయిపోయింది, అంతా అయిపోయింది," అంటూ కినుయో సగం లేచింది. వెళ్లి అందరి ముందూ వంగి, పిల్ల తరఫున క్షమాపణ చెప్పేద్దామని. తాజుకో చెయ్యి పట్టుకుని ఆపింది. "లేచావంటే కాళ్లు విరగ్గొడతా. దాన్ని నిలబడనీ."

స్టేజి మీద మినోరి చేతులు రెండూ కిందికి వదిలేసి, ముసలాయన్నే చూస్తూ నిలబడి ఉంది. ఆ మెడ వంచని తీరు చూసి కినుయో మెల్లగా కూలబడింది. పోతే పోనీ ఉద్యోగం. అడిగింది కదా, జవాబు వినే పోనీ.

ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

చాలాసేపటికి ముసలాయన ఓబోని ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "సరిపోవడం లేదు. కానీ నిదానం తగ్గించకు, అది బాగుంది. మధ్యలో ఒక్కచోట నన్ను ఊపిరి తీసుకోనీ."