ముప్పై ఒకటో నంబర్ గొంతు

ఆగండి ఆగండి, వెళ్ళిపోకండి. ఏ పని ఉన్నా తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది వినండి, ఎందుకంటే చివర్లో మిమ్మల్నే ఒక మాట అడగాల్సి ఉంది.

మే నెల, శనివారం పొద్దున. టొలీడో హెరన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు మైదానం అంచున లావెల్ ప్రూయిట్ ఒక్కచోట నిలబడలేకపోతున్నాడు. తెల్ల గీత వెంబడి అటు పోతాడు, ఇటు వస్తాడు, టోపీ తీస్తాడు, మళ్ళీ పెట్టుకుంటాడు. నోట్లో చూయింగ్ గమ్ రుచి ఎప్పుడో పోయింది, అయినా నములుతూనే ఉన్నాడు.

లావెల్ ఆ జట్టు స్కౌట్. ఏడాదంతా అద్దె కారేసుకుని దక్షిణాది కాలేజీలన్నీ తిరిగి, ఏ కుర్రాడు పెద్ద జట్టులో నెగ్గుకొస్తాడో చెప్పడం అతని ఉద్యోగం. పోయిన నెల డ్రాఫ్ట్‌లో, జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటుంటే, నాలుగో రౌండ్‌లో హెరన్స్ వంతు వచ్చింది. గదిలో అందరూ ముందు వరసలో గోడలా నిలబడే ఒక భారీ లైన్‌మన్ వైపు మొగ్గుతున్నారు. అప్పుడు లావెల్ లేచి బల్ల గుద్ది చెప్పాడు. ఉత్తుత్తినే కాదు, నిజంగానే గుద్దాడు, పక్కవాడి కాఫీ ఒలికిపోయింది.

“జాకోరి మెరివెదర్‌ని తీసుకోండి. బంతి ఎటు పోతుందో విసిరేవాడికంటే ముందు వీడికి తెలుస్తుంది. నా మాట తప్పయితే నన్ను ఇంటికి పంపించెయ్యండి.”

తీసుకున్నారు. ఆ ఆఖరి మాట కూడా గుర్తుపెట్టుకున్నారు. స్కౌట్ల కాంట్రాక్టులు ఎప్పుడూ డ్రాఫ్ట్ అయ్యాకే తెగుతాయి, ఉంచుకోవాలా సాగనంపాలా అన్నది మే నెలలోనే తేలుస్తారు. లావెల్ సంగతి సోమవారం తేలుతుంది. ఈలోపు కొత్త కుర్రాళ్ళకి మూడు రోజుల శిబిరం, శుక్రవారం నుంచి ఆదివారం దాకా.

జాకోరి కార్నర్‌బ్యాక్. బంతి అందుకోబోయే ఎదుటివాడిని నీడలా అంటిపెట్టుకుని పరిగెత్తాలి, బంతి గాల్లో ఉండగానే అడ్డం పడి లాక్కోవాలి. లూసియానాలో కాలేజీకి ఆడినప్పుడు ఆ పని చేస్తుంటే చూసినవాళ్ళు కళ్ళార్పలేదు. ఇక్కడేమో... మొదటి బంతికి ఎదుటివాడు లోపలికి తిరిగాడు, జాకోరి తిరిగేసరికి బంతి వాడి చేతుల్లో ఉంది. రెండోసారి వాడు నేరుగా పరిగెత్తాడు, జాకోరి ఒక్క క్షణం ఆగి పరిగెత్తాడు. ఆ ఒక్క క్షణం చాలు, పని అయిపోయింది. మూడోది చూడలేక లావెల్ తల తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపే వెండెల్ స్ట్రేక్ నిలబడి ఉన్నాడు.

స్ట్రేక్ ఆటగాళ్ళ ఎంపికంతా చూసే పెద్దాయన. కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే.

“ఏమోయ్ లావెల్, విసిరేవాడికంటే ముందే తెలుస్తుందన్నావు?”

“కొత్త చోటు కదా సార్.”

“మా మనవరాలు కూడా కొత్త బడికి పోయింది. బెంచీ ఎక్కడుందో దానికి మొదటిరోజే తెలిసింది.”

లావెల్ నవ్వాడు. నవ్వకపోతే బాగోదని నవ్వాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర జాకోరి ఎదురుగా పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు లావెల్. కుర్రాడు మెత్తటి బంగాళదుంప ముద్దని చెంచాతో అటూ ఇటూ నెడుతున్నాడు తప్ప తినట్లేదు.

“ఒంట్లో బానే ఉందా?”

“బానే ఉంది సార్.”

“మరేంటిది?”

జాకోరి చెంచా పక్కన పెట్టాడు. “ఇక్కడ మరీ నిశ్శబ్దంగా ఉంటుంది సార్.”

“నిశ్శబ్దమా? ప్రాక్టీసులో హోరు పెట్టే ఆ స్పీకర్లకి నా చెవులు పగిలిపోతుంటేనూ!”

“అది కాదు సార్...” అని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. “ఏం లేదులెండి.” పళ్ళెం తీసుకుని లేచాడు.

ఆ మాట లావెల్ బుర్రలో చెప్పులో రాయిలా ఉండిపోయింది. తిన్నగా వీడియో గదికి పోయి జాకోరి పాత ఆటలన్నీ మళ్ళీ పెట్టాడు. స్టేడియం పైకప్పు మీద నుంచి తీసే వీడియోలవి, ఇరవై రెండుమందీ ఒకేసారి కనిపిస్తారు. ఇంతకుముందు ఇవే ఆటలు చూసినప్పుడల్లా అతని కళ్ళు జాకోరిని వదల్లేదు. ఈసారి కావాలని జాకోరిని వదిలేసి మిగతావాళ్ళని చూశాడు.

జాకోరి వెనకాల దూరంగా ఒకడున్నాడు. ముప్పై ఒకటో నంబర్. మైదానమంతా కాపలా కాసే సేఫ్టీ. పొట్టిగా ఉన్నాడు, పరుగు కూడా అంతంతమాత్రమే. కానీ బంతి కదిలే ముందు ప్రతిసారీ వాడు చేతులూపుతున్నాడు, ముందుకు వంగి ఊగిపోతున్నాడు. వాడు అలా ఊగడం, వెంటనే జాకోరి హెల్మెట్ కాస్త వెనక్కి వాలడం, ఆ తర్వాత బాణంలా దూసుకుపోవడం. మరో ఆట పెట్టాడు, అదే వరస. ఇంకోటి, అదే!

లావెల్ వీడియో ఆపాడు. వాడు అరుస్తున్నాడు. ఎటు తిరగాలో, ఎప్పుడు పరిగెత్తాలో వెనక నుంచి వాడు అరిచి చెప్తున్నాడు. ఈ వీడియోలకి శబ్దం ఉండదు! దేశంలో స్కౌట్లందరూ ఏళ్ళ తరబడి ఇలా మూగబొమ్మలు చూసే ఆటగాడి తెలివిని కొలుస్తారు. పోనీ స్వయంగా వెళ్ళి చూడలేదా అంటే వెళ్ళాడు, రెండుసార్లు. స్కౌట్లని కూర్చోబెట్టేది విలేకరుల గదిలో, అద్దాల వెనక. ప్రాక్టీసుకి పోతే ఆ కాలేజీ కోచ్ తాడు కట్టి అల్లంత దూరాన నిలబెట్టాడు.

బల్ల గుద్ది తను కొనిపించింది జాకోరి కాళ్ళని. బుర్ర మాత్రం లూసియానాలోనే ఉండిపోయింది.

ముప్పై ఒకటో నంబర్ పేరు రెమీ ఫ్యూసెలియర్. ఏ జట్టూ తీసుకోలేదు. ఫోన్ చేస్తే వెనక పది మంది నవ్వులు, పెద్ద గుండిగ మూత చప్పుడు. ఎవరింట్లోనో క్రాఫిష్ రొయ్యలు ఉడకబెడుతున్నారు.

“హెరన్స్ నుంచా? మా చుట్టం ఎవడో గొంతు మార్చి ఆటపట్టిస్తున్నాడు, పెట్టెయ్ ఫోన్!”

“ఆటపట్టించడం కాదు. నేను లావెల్ ప్రూయిట్‌ని, స్కౌట్‌ని.”

“ఓహో, మీరా! నల్ల గొడుగు ఒకటి పట్టుకుని రెండుసార్లు వచ్చారు. మూడేళ్ళు వాడి వెనకే ఆడాను, మీరు నన్ను దాటుకుని జాకోని చూశారు, ఇవాళ నేను కనిపించానా సార్? ఏంటి, మావాడు చెవిటివాడయ్యాడా అక్కడ?”

లావెల్ కాగితం, కలం దగ్గరికి లాక్కున్నాడు.

“అయ్యే ఉంటాడు. అక్కడ వాడితో ఎవడు మాట్లాడతాడు? చూడండి సార్, వాడంత వేగంగా తిరిగేవాడు భూమ్మీద లేడు. కానీ వాడికి చెప్పాలి. ‘గంబో’ అంటే ఎదుటివాడు లోపలికి తిరుగుతున్నాడని. ‘బిస్కట్’ అంటే తిన్నగా దూరం పోతున్నాడని. నేను అనడం పూర్తయ్యేలోపు వాడక్కడ ఉంటాడు. నాకు కాళ్ళు లేవు, వాడికి ఇది లేదు.” ఫోన్లో కనబడకపోయినా తల మీద తట్టుకుని ఉంటాడు.

అంతకుముందే, ఆ పొద్దుటి ప్రాక్టీసులో, పరీక్షకి పిలిచిన సేఫ్టీ ఒకడికి చీలమండ మెలితిరిగింది. ఆదివారానికి ఒక మనిషి తక్కువ. ఇలాంటప్పుడు ఎవరో ఒకరిని ఒక్కరోజుకి రప్పించడం స్కౌట్ల పనే, ఎవరూ పేరు కూడా అడగరు. లావెల్ టికెట్ పంపించాడు.

ఆదివారం పొద్దున బస్సు దిగిన రెమీని చూసి జాకోరి ముఖం ఎలా అయిందో చెప్పలేను. పరిగెత్తుకెళ్ళి పొట్టివాడిని అమాంతం ఎత్తేశాడు.

“దింపరా దున్నపోతా, నా మోకాలు! ఏంట్రా, పరువు తీస్తున్నావంట?”

“నువ్వు లేకపోతే ఏం వినపడట్లేదురా.”

“అమ్మ కడుపులోంచి ఇద్దరం కలిసి రాలేదు కదరా, ఎన్నాళ్ళిలా?” అన్నాడు రెమీ. నవ్వుతూనే అన్నాడు గానీ జాకోరి నవ్వలేదు.

ప్రాక్టీసు మొదలైంది. స్పీకర్లు హోరెత్తుతున్నాయి. లావెల్ గీత దగ్గరే ఉన్నాడు, ఈసారి అద్దం లేదు, తాడు లేదు.

“గంబో! గంబో! జాకో, గంబో!”

జాకోరి తిరిగాడు, బంతి చేతుల్లో ఉంది. మళ్ళీ. “బిస్కట్!” అని గొంతు చించుకున్నాడు రెమీ, ఎదుటివాడు పరుగందుకునేలోపే జాకోరి వాడి పక్కనున్నాడు, వేళ్ళ కొసతో బంతిని తోసేశాడు. కోచ్‌లు ఒకరినొకరు చూసుకున్నారు. లావెల్ వీడియోల్లో చూసిన ఆట ఇదే, సరిగ్గా ఇదే, కాకపోతే ఇప్పుడు శబ్దంతో.

స్ట్రేక్ మేడ మీద తన గదిలోంచి చూశాడు. కిటికీ మూసుంది. చలిగాలి ఆయనకి పడదు.

ప్రాక్టీసు అవగానే పైకి పిలిపించాడు. “కూర్చోవయ్యా! వీడే కదా నువ్వు చెప్పినవాడు. నిన్నంతా బెరుకు, ఇవాళ దారిలో పడ్డాడు. నీ కంటికి తిరుగులేదోయ్. రేపు రా, రెండేళ్ళకి రాసేద్దాం.”

లావెల్ కూర్చోలేదు. “సార్, ఇవాళ వచ్చిన సేఫ్టీ... ఫ్యూసెలియర్. వాడిని ఉంచుకుందాం.”

“ఆ పొట్టోడా?” స్ట్రేక్ పకపకా నవ్వాడు. “మా అత్తగారు చేతికర్రతో వాడిని దాటేస్తుంది. శాండ్‌విచ్ ఒకటి చేతిలో పెట్టి పంపించు.”

“వాడి వల్ల ఉపయోగం ఉంది సార్.”

“ఏం ఉపయోగం?”

లావెల్ నోరు తెరిచాడు. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. జాకోరికి బంతి ముందే తెలియదని, తెలిసేది వేరేవాడికని, తను బల్ల గుద్దింది వేరేవాడి గొంతు చూసి అని. ఆ మాట ఒక్కసారి ఈ గది దాటితే జాకోరి పేరు పక్కన అది పచ్చబొట్టులా ఉండిపోతుంది, నాలుగో రౌండ్ కుర్రాడిని ఆగస్టులో జట్టు కుదించేటప్పుడు తీసేయడానికి ఎవరూ రెండోసారి ఆలోచించరు. తన కాంట్రాక్టు సంగతి సరే సరి. చెప్పకపోతే? అసలు ఆటలు మొదలయ్యే సెప్టెంబర్‌లో, నిండు స్టేడియంలో, దేశమంతా చూస్తుండగా, ఆ కుర్రాడు వెనక నుంచి రాని మాట కోసం హెల్మెట్ వాలుస్తాడు.

“ఒక్క నిమిషం సార్,” అని బయటికి వచ్చాడు లావెల్.

మెట్ల కింద ఇద్దరూ ఉన్నారు. రెమీ భుజాన సంచి ఉంది, విమానాశ్రయానికి వెళ్ళే బస్సు ఇంజన్ ఆన్ చేసి ఉంది. వాడు జాకోరికి ఏదో నేర్పిస్తున్నాడు, ఎదుటివాడి తుంటి చూడమంటున్నాడు, పాదం చూడమంటున్నాడు, గబగబా, మూడేళ్ళ చదువంతా బస్సు కదిలేలోపు ఎక్కించెయ్యాలన్నట్టు. జాకోరి తలూపుతున్నాడు, తలూపుతున్నాడు, వాడి కళ్ళలో మాత్రం ఏమీ ఎక్కట్లేదని లావెల్‌కి ఇంత దూరం నుంచే తెలిసిపోతోంది.

“మా సంగతి చెప్పారా సార్?” కింద నుంచి అరిచాడు రెమీ.

జాకోరి అరవలేదు. తలెత్తి చూశాడు, మెల్లగా తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దనే.

డ్రైవర్ హారన్ కొట్టాడు. వెనక గదిలోంచి స్ట్రేక్ పిలుస్తున్నాడు, “ఏమయ్యా లావెల్, చెప్తానన్నావు?” తలుపు పిడి మీద లావెల్ చెయ్యి ఉంది, నోట్లో గమ్ అలాగే ఉంది, కాళ్ళు అటు పోవు, ఇటు రావు.

ఆ పిడి మీద చెయ్యి మీదయితే, మీరేం చేసేవారు?